పద్దెనిమిదో నంబరు మంచం

కిందటి వారం నా కథని మునిసిపల్ రికార్డు గదిలో, కిటికీ దగ్గర, ఒక పాత కాగితాన్ని వెలుగుకి ఎత్తి పట్టుకున్న చోట ఆపేశాను. ఈ వారమే మొదటిసారి ఈ పేజీ తిప్పినవాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకి వెళ్తాను.

మా నాన్న సర్వే ఆఫీసులో నక్షాలు గీసి రిటైరయ్యాడు. ఊళ్లో వాళ్ల గట్లన్నీ గీశాను, సొంత వంశం గీసుకోలేనా అని బల్లంత కాగితం మీద వంశవృక్షం మొదలుపెట్టాడు. కొమ్మలు గీసేది ఆయన, వాటికి పేర్లు వెతికి తెచ్చేది నేను. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం నాది. రెండు ప్రతులు పక్కపక్కన పెట్టి తేడా పట్టుకోవడమే నాకు అన్నం పెట్టే పని.

ఊళ్లో ఇప్పటికీ జబ్బు ఏడు అనే సంవత్సరంలో మా తాతయ్య మునిసిపాలిటీలో చావుల గుమాస్తా. పత్తి గోదాము ఒకటి ఖాళీ చేయించి రోగుల షెడ్డు చేశారట. అక్కడ ఎవరినీ పేరుతో పిలిచేవారు కాదు, మంచానికో నంబరు. తాతయ్య రోజూ సాయంత్రం మంచాల మధ్య నడుస్తూ, పోయినవాళ్ల నంబర్లు చిత్తు పుస్తకంలో పెన్సిలుతో రాసుకునేవాడు. ఆఫీసుకి వచ్చి, చేర్పుల జాబితా ముందేసుకుని, ఏ నంబరు ఎవరిదో చూసి, రిజిస్టరులో సిరాతో పేరు ఎక్కించేవాడు. ఆ తర్వాత చిత్తు పుస్తకాలు చింపేయాలి. ఒకటి మాత్రం కట్టలో ఇరుక్కుని మిగిలిపోయింది.

అందులో ఒక తేదీ దగ్గర కాగితం రబ్బరు రాపిడికి పలచబడింది. పైకి 18 అని ఉంది. వెలుగుకి పెడితే కింద 17 కనిపించింది. మూడుసార్లు రాసి మూడుసార్లు చెరిపిన 17. చేర్పుల జాబితాలో పదిహేడో నంబరు మా నానమ్మ.

అంటే ఆ సాయంత్రం పోయింది మా నానమ్మ. ఆ నానమ్మే ఆ రోజు పొద్దున నేను చెప్పులు వేసుకుంటుంటే, త్వరగా వచ్చెయ్యి, కాలిగోళ్లు తీయాలి అంది.

నాకు ఏమీ అనిపించలేదు. ఏదో ఒకటి అనిపించాలి కదా అని కాసేపు ఆగాను. బస్సు వస్తుందేమోనని రోడ్డు చివరికి చూసినట్టు నా లోపలికి చూసుకున్నాను. ఏదీ రాలేదు. కాగితం దించి, మడతపడిన మూల సరిచేసి, పుస్తకం మూశాను.

"ఏమ్మా, రాజవంశమేనా?" అన్నారు రికార్డు కీపరు. ముప్ఫై ఏళ్లుగా ఆ దుమ్ములో కూర్చున్న ఆయన్ని ఆఫీసులో అందరూ బూజు మాస్టారు అంటారు. ఆయనకి ఆ సంగతి తెలుసు. "ఇక్కడికొచ్చేవాళ్లంతా ఏదో ఒక రాజుగారి మునిమనవళ్లేనమ్మా. ఇంతవరకు ఒక్కడంటే ఒక్కడు, మా ముత్తాత మేకలు దొంగిలించేవాడండీ అని ఒప్పుకోలేదు."

"గుమాస్తా వంశమే మాస్టారూ," అన్నాను.

"అదృష్టవంతులు. గుమాస్తాలు తప్పు చేసినా చక్కటి దస్తూరీతో చేస్తారు."

ఆయన మామూలుగానే అన్నారు. నేనూ మామూలుగానే నవ్వి బయటికి వచ్చాను.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం మూడు. నాన్న హాల్లో నేల మీద మోకాళ్లపై వంగి, బద్ద పెట్టి గీత లాగుతున్నాడు.

"వచ్చావా తల్లీ! చూడు, మా నాన్న వైపు చెట్టు ఎలా విరగబూసిందో! మా అమ్మ వైపే ఎండిపోయింది. ఒక్క ఆకు లేదు. మా అమ్మమ్మ పేరు దొరికిందా?"

"ఇంకా లేదు నాన్నా."

"ఊరందరి పేర్లూ రాసిన మనిషి, సొంత అత్తగారి పేరు ఇంట్లో ఎక్కడా రాసి పెట్టుకోలేదు. ఏమనాలి మీ తాతయ్యని?"

నాన్న బుడ్డి వంచి చూసి, నల్ల సిరా అయిపోయిందని గొణుక్కుంటూ చొక్కా వేసుకుని బజారుకి వెళ్లాడు. తలుపు దగ్గరకి వేసిన చప్పుడు విన్నాను. పొయ్యి మీద నీళ్లు కాచి, బేసినులో పోసుకుని నానమ్మ గదిలోకి వెళ్లాను.

నానమ్మ కిటికీ పక్క మంచం మీద గోడకి ఆనుకుని ఉంది. ఆవిడకి ఎనభై. గడప దాటని మనిషి అని చుట్టాల్లో పేరు. బజారుకి రాదు, పెళ్లిళ్లకి రాదు, ఎవరడిగినా కాళ్లు నొప్పులంటుంది. జబ్బు ఏటి నుంచి, అంటే ఇరవై రెండేళ్ల వయసు నుంచి, ఆ కాళ్లు నొప్పిగానే ఉన్నాయని నాకు ఆ రోజే తట్టింది.

"ఆలస్యం చేశావే. నీళ్లు మరీ కాలుతున్నాయా?"

"లేదు. పెట్టు."

పాదాలు బేసినులో పెట్టింది. ముందు కాసేపు నాననివ్వాలి. నేను స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వచ్చిన మాటల్లో ఒక్కటీ గుర్తురాలేదు. కుడికాలు ఒళ్లోకి తీసుకుని, తుడిచి, బొటనవేలు పట్టుకున్నాను.

"నానమ్మా, షెడ్డులో పదిహేడో నంబరు మంచం మీద ఎవరు పడుకున్నారు?"

పాదం కదలలేదు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది. వీధిలో ఎవరో సైకిలు ట్యూబుకి గాలి కొడుతున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా ఆగి, అప్పుడు చెప్పింది.

"మీ నానమ్మ."

"మరి నువ్వు?"

"పద్దెనిమిది." గోరు వైపు చూసి, "చర్మం దాకా తెగ్గొయ్యకు, కిందటిసారి రెండు రోజులు సలిపింది," అంది.

గోరు తీశాను. చిన్న ముక్క ఎగిరి నేల మీద పడింది. నా చెయ్యి వణకలేదు. వణికి ఉంటే బాగుండేదేమో, మా ఇద్దరిలో ఒకరైనా ఆ మాటకి తగ్గట్టు ఉండేవాళ్లు.

"తాతయ్య తప్పు రాశాడా?"

"తప్పు ఆయన ఎప్పుడైనా రాశాడా? నేను రాయమన్నది రాశాడు."

అప్పుడు చెప్పింది. ఆవిడ చెప్పిన తీరులో ఏడుపు లేదు, గొప్ప లేదు. పక్కింట్లో ఎప్పుడో జరిగిన సంగతి చెబుతున్నట్టు చెప్పింది.

షెడ్డులో రెండు వరసలు. ఆవిడకి ఎడమ పక్కన గుమాస్తా గారి భార్య. అప్పటికి ఇద్దరికీ జుట్టు ఊడిపోయి, ఎముకలు తేలాయి. అందరూ ఒకేలా ఉండేవాళ్లట. గుమాస్తా రోజూ నాలుగింటికి వచ్చేవాడు. మొహం మీద గుడ్డ కప్పి ఉంటే నంబరు చూసి రాసుకుని ముందుకి పోయేవాడు. భార్య మంచం దగ్గర మాత్రం నిలబడి, పిల్లాడు అన్నం తిన్నాడు, పిల్లాడు నిద్రపోయాడు అని ఆఫీసు కాగితం చదివినట్టు చదివి వెళ్లేవాడు.

"ఒకరోజు వచ్చేసరికి గుడ్డ కప్పి ఉంది," అంది నానమ్మ. "నిలబడ్డాడు. రాశాడు. రబ్బరు తీసి చెరిపాడు. మళ్లీ రాశాడు, చెరిపాడు. ఇంకోసారీ అంతే. నాకు చూడబుద్ధి కాలేదు. అవతల ఇంకా ఎన్ని మంచాలున్నాయో! ఈయన ఇక్కడే ఆగిపోతే చీకటి పడేదాకా తెమలదు. పదిహేడు రాయలేకపోతే పద్దెనిమిది రాయండి, దానికి అడ్డుచెప్పేవాళ్లెవరూ లేరు అన్నాను."

"ఎందుకన్నావు?"

"వేళాకోళానికే. మంచినీళ్లు అడగడానికి గొంతు లేదు, వేళాకోళానికి మాత్రం ఎక్కడి నుంచి వచ్చిందో!" ఆవిడ పెదవి ఒక పక్కకి జరిగింది. "ఆయన నన్ను చూశాడు. పెన్సిలు పెట్టి రాశాడు. చెప్పిన పని చేసే మనిషి కదా, గుమాస్తా."

నేను రెండో వేలు పట్టుకున్నాను.

"శవాల్ని ఇళ్లకి ఇచ్చేవారు కాదు. మునిసిపాలిటీ వాళ్లే తీసుకెళ్లి పాతేసేవారు. మొహం చూసినవాళ్లు లేరు. నాలుగో రోజు వార్డరు జాబితా చదివాడు. పదిహేడు, నయమైంది, ఇంటికి. ఎవరూ లేవలేదు. మళ్లీ చదివాడు. నేను లేచాను."

"ఎలా లేచావు నానమ్మా?"

"కాళ్ల మీద." ఎడమకాలు బేసినులో కదిపింది. "గేటు దగ్గర ఆయన నిలబడి ఉన్నాడు, భుజం మీద పిల్లాడు. మీ నాన్న. రెండేళ్లవాడు. నన్ను చూసి మొహం తిప్పేసుకున్నాడు. వాడికి తెలుసు. ఆ ఊరంతటిలో వాడొక్కడికే తెలిసింది. పది రోజులు నా దగ్గరికి రాలేదు. పదకొండో రోజు ఆకలేసి వచ్చాడు. ఆ తర్వాత మరిచిపోయాడు. నెల తిరక్కుండా ఆయన ఈ పక్క వార్డుకి మార్పించుకున్నాడు. ఇల్లు మారాం. అంతే."

"మీ ఇంటికి వెళ్లొచ్చు కదా? చావలేదని చెప్తే సరిపోయేది."

"చెప్పొచ్చు."

"అక్కడ మీ ఆయన కొట్టేవాడా?"

"కొడితే చెప్పుకోడానికి బాగుండేది." నానమ్మ మొదటిసారి నా వైపు తిరిగింది. "మంచివాడే. ఆ ఇంట్లో నన్ను ఎవరూ ఏమీ అనలేదు అమ్మడూ. ఏమీ అనరు. బల్ల ఉంటుంది ఇంట్లో, దాన్ని ఎవరైనా ఏమైనా అంటారా? షెడ్డుకి పంపిన రోజు మధ్యాహ్నానికే నా చాప కాల్చేశారని నా తర్వాత షెడ్డులో చేరిన పక్కింటావిడ చెప్పింది. తప్పు కాదు, జబ్బు కదా, అందరూ కాల్చేవారు. కానీ గేటు దగ్గర ఈయన నన్ను చూసి ఒక మాటన్నాడు. అన్నం తినగలవా అన్నాడు. పెళ్లయి ఆ ఇంట్లో ఉన్న నాలుగేళ్లలో నన్నెవరూ ఏదీ అడగలేదు. అడిగితే జవాబు చెప్పాలి కదా. తింటానన్నాను."

చిన్నప్పుడు నేను ఏడవకపోతే అందరూ నానమ్మ పోలిక అనేవారు. స్కూల్లో చెయ్యి విరిగినప్పుడు, తర్వాత పదేళ్లకి నా పెళ్లి విరిగినప్పుడు కూడా అదే మాట. ఆ మాట వినీ వినీ నేనూ నమ్మాను. నా లోపలి ఈ మొద్దుతనం నాకు వారసత్వంగా వచ్చిందని, ఆస్తిలాగా, అది నేను చేసుకున్నది కాదని. ఇప్పుడు నా ఒళ్లో ఉన్న పాదానికీ నాకూ రక్తసంబంధం లేదు. మరి ఇది ఎక్కడిది? చూసి నేర్చుకున్నానా? అలా అయితే ఇంతకాలం నేనే ఎంచుకున్నానా?

"ఇంకా చిటికెన వేలు ఉంది," అంది నానమ్మ.

తీశాను. ఎడమకాలు ఒళ్లోకి తీసుకున్నాను. నేను అడగలేదు. ఆవిడే చెప్పింది.

"పద్దెనిమిదికి ఒక కూతురు."

కత్తెర ఆగింది.

"నాలుగు నెలలు. షెడ్డుకి వచ్చేటప్పుడు అత్తగారి చేతికిచ్చి వచ్చింది." ఆవిడ తన గురించే అలా మాట్లాడుతోంది, ఇంకెవరో అయినట్టు. "ఆ వీధిలో కూడా పిల్లలు పోయారు. ఉందో పోయిందో తెలీదు."

"యాభై ఎనిమిదేళ్లు తాతయ్య దగ్గర... ఆయన చేతిలోనే కదా ఆ పుస్తకం ఉండేది? ఒక్కసారి కూడా అడగలేదా?"

"తాతయ్య పోయి పదకొండేళ్లైంది, లెక్క సరిగ్గా చెప్పు." ఆ దిద్దుబాటులో ఆవిడ గొంతు కాస్త పెరిగింది. "అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఒకరోజు ఆ రిజిస్టరు ఇంటికి తెచ్చి, ఆ బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా బయటికి వెళ్లిపోయాడు. పొద్దుపోయేదాకా రాలేదు. చదువుకోమని. నాకు చదవడం వచ్చు."

"చదివావా?"

"దుమ్ము తుడిచి పక్కన పెట్టాను."

వీధిలో గాలి కొట్టే చప్పుడు మళ్లీ మొదలైంది.

"నువ్వు చూస్తావు కదా," అంది. "నేను వద్దన్నా చూస్తావు, నీ పనే అది. చూడు. పోయి ఉంటే వచ్చి చెప్పు. బతికి ఉంటే చెప్పకు."

"అదేంటి నానమ్మా!"

"పోయి ఉంటే ఏడుస్తాను. ఎంత ముసలిదాన్నైనా దానికి ఓపిక ఉంది. బతికి ఉంటే ఏం చెయ్యాలో నాకు తెలీదు. తెలీని పని నాకు చెప్పకు."

తలుపు చప్పుడైంది. నాన్న సిరా బుడ్డితో నేరుగా గదిలోకి వచ్చాడు. చొక్కా వెనక చెమటకి అతుక్కుపోయింది.

"అమ్మా, నువ్వే చెప్పెయ్యరాదూ, ఈ పిల్లని ఆఫీసుల చుట్టూ తిప్పడం ఎందుకు? మీ అమ్మ పేరేంటి?"

నానమ్మ కొడుకు మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. నాన్న బుడ్డి మూత తిప్పుతూ నిలబడ్డాడు.

"మరిచిపోయానురా," అంది.

"సొంత అమ్మ పేరు మరిచిపోతారా ఎవరైనా?" నాన్న నా వైపు చూసి కళ్లు ఎగరేశాడు. "నాకేమో మతిమరుపంటుంది."

"నీకూ ఉందిలే," అంది నానమ్మ.

మర్నాడు అచ్చాఫీసుకి సెలవు పెట్టాను. బూజు మాస్టారు నానమ్మ పాత ఇల్లున్న మూడో వార్డు రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకున్నారు. వయసు గడిలో ఏడాది లోపు వాళ్లందర్నీ చదివాను. ఆ ఒక్క ఏడు ఆ ఒక్క వార్డులో నలభై మూడు మంది. పేరు పెట్టకముందే పోయినవాళ్లకి తండ్రి పేరు, పక్కన ఆడ, మగ అని. ఒక్కో వరస కింద స్కేలు పెట్టుకుని చదివాను, ప్రూఫు చదివినట్టే. చేర్పుల జాబితాలో పద్దెనిమిదికి ఎదురుగా ఉన్న ఇంటి పేరు వాళ్లలో ఎవరికీ లేదు. తర్వాతి ఏడు పుస్తకం తెప్పించుకున్నాను. అందులోనూ లేదు. ఆ తర్వాతిదీ చూశాను. చదువుతున్నంతసేపు నేను దేని కోసం చూస్తున్నానో నాకే స్పష్టంగా తెలియలేదు. ఆ పేరు కనిపిస్తే నాకు తేలిక. ఇంటికెళ్లి ఒక మాట చెప్పి, ఏడుస్తున్న మనిషి పక్కన కూర్చుంటే సరిపోతుంది. ఒక పసిపిల్ల చావు దొరకాలని మూడు గంటలు వెతికాను. ఇది కూడా నేను ఇక్కడ రాయాలి.

చివరికి మొదటి పుస్తకానికే తిరిగి వచ్చి, పద్దెనిమిదో నంబరు పేరున్న వరస తీశాను. తాతయ్య దస్తూరీ. సిరా ఎక్కడా పాకలేదు. పేరు, వయసు ఇరవై రెండు, స్థలం షెడ్డు. కుడివైపు మార్జిన్లో ఒక రబ్బరు ముద్ర ఉంది, దాని మీద బాల్ పెన్నుతో నింపిన అక్షరాలు కొత్తవి. నకలు ఇవ్వడమైనది. తేదీ చూస్తే మూడు వారాల కిందటిది. అడిగినవారికి మృతురాలితో సంబంధం అన్న చోట ఒకటే మాట.

కూతురు.

"మాస్టారూ, ఇది మీ రాతేనా?"

ఆయన కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి వంగారు. "నాదే. ఆవిడా! గుర్తుందమ్మా. అరవైకి దగ్గర ఉంటాయి. కుట్టుమిషను మీద పనిచేస్తుందట, వేళ్లు చూస్తే తెలుస్తుంది. నకలు ఎందుకమ్మా, పెన్షనా, స్థలమా అన్నాను. ఏదీ కాదంది. వాళ్లమ్మ పేరు తెలుసుకోడానికంది."

"పేరు తెలీదా?"

"వాళ్లింట్లో అందరూ పోయినావిడ, పోయినావిడ అనేవారట. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. అడిగితే ఎవరూ ఏమీ అనేవారు కాదట. ఆయన ఈమధ్యనే పోయాక, ఇక అడగడానికి ఎవరూ మిగల్లేదని ఇక్కడికి వచ్చింది." ఆయన కళ్లజోడు దించుకున్నారు. "పేరు చదువుకుంది. మళ్లీ చదువుకుంది. మడిచి సంచిలో పెట్టుకుంది. ఏడుస్తుందేమోనని కుర్చీ జరిపాను కూడా. ఏడవలేదు. మీలాగే కూర్చుంది."

నేను మార్జిన్లోని అక్షరాలు చూస్తూ ఉన్నాను.

"ఈ సోమవారం మళ్లీ వస్తానంది," అన్నారు మాస్టారు. "వాళ్లమ్మని ఎక్కడ పాతారో తెలుసుకోవాలట. ఆ పుస్తకం వెతికి పెడతానన్నాను. మీకు చుట్టమా?"

ఏమని చెప్పాలి? మా నానమ్మ కూతురు. నాకు ఏమీ కాదు. "చూడాలి మాస్టారూ," అన్నాను. దరఖాస్తు ఉందా అంటే ఆయన ఫైలు తీసి చూపించారు. చిరునామా చదివాను. రైలు గేటు దాటాక రెండో సందు. కాగితం మీద రాసుకోలేదు, అవసరం పడలేదు.

అక్కడి నుంచి ఇంటికి నడిచే వచ్చాను. దారిలో అర్థమైంది, నానమ్మ నాకు పెట్టిన షరతులో ఏముందో. పోయి ఉంటే చెప్పమంది. నేను వెళ్లి ఏదీ చెప్పకపోతే బతికి ఉందని చెప్పినట్టే. నోరు మూసుకుని దాచిపెట్టడానికి కూడా దారి లేదు. దాచాలంటే ఒకటే దారి, పోయింది అనాలి. అంటే ఆవిడ ఏడుస్తుంది, ఏడ్చి తేలికపడుతుంది, మిగిలిన కొద్దికాలం నిద్రపోతుంది. సోమవారం రికార్డు గదిలో ఒకావిడ ఒక గొయ్యి నంబరు రాసుకుని వెళ్లిపోతుంది. ఇద్దరికీ చావు కాగితాలు సరిపోతాయి. తాతయ్య రాసినట్టే నేనూ చక్కటి దస్తూరీతో రాయగలను. గేటు తీసేదాకా ఆ మాట నా నాలుక మీదే ఉంది.

నాన్న హాల్లో చెట్టు పక్కనే నేల మీద నిద్రపోతున్నాడు, చేతిలో బద్దతో. నేను ఆయన్ని దాటుకుని లోపలికి వెళ్లాను.

నానమ్మ కిటికీ వైపు చూడట్లేదు. తలుపు వైపే తిరిగి కూర్చుంది. ఎప్పటి నుంచి అలా కూర్చుందో తెలియదు. నా కళ్లలోకి చూడలేదు, నా నోటి వైపు చూసింది. అది తెరుచుకుంటుందా అని.

పోయింది అనడానికి ఊపిరి తీసుకున్నాను. ఆ ఊపిరి అలాగే బయటికి వచ్చేసింది, మాట లేకుండా. నా పెదాలు కదల్లేదు. ఆవిడ చూస్తూనే ఉంది. హాల్లో నాన్న పక్కకి దొర్లిన చప్పుడు వినిపించింది. ఇంకా ఏదీ చెప్పకుండా నిలబడ్డాను.

ఆవిడ రెండు అరచేతులూ మంచం పట్టె మీద పెట్టింది. మెల్లగా ఒక కాలు, తర్వాత ఇంకో కాలు నేల మీదకి దించింది.

"ఎంత దూరం?" అంది.